దూరం నుంచి కొట్టే జంతువు

భూపాలపల్లి జిల్లాలో రేగొండకు దగ్గరగా ఉన్న పాండవుల గుట్టల్లో, ఇసుకరాతి చరియల కింద, ప్రాచీన మానవులు వేసిన రంగు బొమ్మలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అడవిదున్న, జింక, పులి, చిరుత బొమ్మలతో పాటు విల్లు, బాణం, కత్తి, బల్లెం బొమ్మలు కూడా అక్కడ కనిపిస్తాయి. వీటిలో దున్న, పులి, చిరుత అనే మూడు జంతువులూ, చేతిలో ఏమీ లేని మనిషిని కొద్ది క్షణాల్లోనే చంపగలవు. అయినా ఈ రోజు ఏటూరునాగారం అడవిలో గానీ, కవ్వాల్ అడవిలో గానీ భయపడి దారి తప్పుకునేది ఎక్కువసార్లు ఆ జంతువులే. ఇంత బలహీనమైన ప్రాణి ఇంత భయంకరమైన ప్రాణిగా ఎలా మారింది?

బలహీనత అన్న మాట అతిశయోక్తి కాదు. 2017లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, అంతే బరువున్న మానవ కండరం కంటే చింపాంజీ కండరం దాదాపు 1.35 రెట్లు ఎక్కువ శక్తిని వెలువరిస్తుంది. మన కండరాల్లో నెమ్మదిగా పనిచేస్తూ త్వరగా అలసిపోని పోగులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి మన శరీరం పోట్లాటకు కాక, గంటల తరబడి నడవడానికీ పరుగెత్తడానికీ అనువుగా తయారైంది. పైగా మన కోరపళ్లు చిన్నవి. ఇథియోపియాలో దొరికిన, సుమారు 44 లక్షల ఏళ్ల నాటి ఆర్డిపిథెకస్ అనే తొలినాటి మానవ వంశపు ప్రాణి అస్థిపంజరంలోనే కోరపళ్లు చిన్నబడి ఉన్నాయి. ఇంతవరకూ దొరికిన అత్యంత ప్రాచీనమైన రాతి పనిముట్లు కెన్యాలోని లొమెక్వి ప్రాంతానివి, వాటి వయసు 33 లక్షల ఏళ్లు. అంటే, మనకు తెలిసినంతలో, ముందుగా తగ్గింది కోరలు, రాతి పనిముట్లు వచ్చింది ఆ తరువాత. ఈ వరుస నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే పనిముట్లు దొరికాయి కాబట్టే కోరలు అరిగిపోయాయని చెప్పే సులభమైన కథకు ఇది అడ్డు వస్తుంది.

వేటాడే జంతువుకు తన శరీరమే ఆయుధం, ఆ ఆయుధం దెబ్బతింటే దాని బతుకే దెబ్బతింటుంది. ముళ్లపందిని పట్టబోయి పంజాలో ముళ్లు దిగిన పులి వేటాడలేక చిక్కి శల్యమైపోవడం మన దేశపు అడవుల్లో ఎన్నోసార్లు నమోదైన విషయమే. అందువల్ల బలమైన జంతువులు కూడా పోరాటంలో లెక్క చూసుకుంటాయి, గెలుపు నిశ్చయం కానప్పుడు వెనక్కి తగ్గుతాయి. తాను దెబ్బ తినకుండా ఎదుటి ప్రాణిని దెబ్బ కొట్టగలిగితే ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది. మానవుడు సాధించినది సరిగ్గా అదే.

దాని మొదటి మెట్టు విసరడం. పూర్వం మన జొన్న చేలలో మంచె మీద నిలబడి వడిసెలతో రాయి విసిరి పిట్టలను తోలే పిల్లవాడు చేసిన పనిని, అతనికంటే ఎంతో బలమైన చింపాంజీ చేయలేదు. చింపాంజీ ఉట్టి చేత్తో విసిరిన వస్తువు గంటకు 30 కిలోమీటర్ల వేగాన్ని మించడం కష్టం, సాధన చేసిన పన్నెండేళ్ల పిల్లవాడు ఉట్టి చేత్తోనే దానికి మూడింతల వేగంతో విసరగలడు. చేతిని వెనక్కి లాగినప్పుడు భుజం చుట్టూ ఉన్న స్నాయువులు సాగి శక్తిని నిల్వ చేసుకుని, ఒక్కసారిగా వదులుతాయి. ఇందుకు అవసరమైన భుజం, నడుము నిర్మాణాలన్నీ సుమారు 20 లక్షల ఏళ్ల క్రితం హోమో ఎరెక్టస్ అనే ప్రాచీన మానవ జాతిలో ఒకచోట చేరాయని 2013లో వెలువడిన ఒక పరిశోధన వాదించింది. ఆ తరువాతి కథంతా దూరం పెరుగుతూ పోయిన కథ. జర్మనీలోని షోనింగెన్‌లో గుర్రాల ఎముకల మధ్య, రెండు మూడు లక్షల ఏళ్ల నాటి చెక్క బల్లేలు దొరికాయి. దక్షిణాఫ్రికాలోని సిబుడు గుహలో 60 వేల ఏళ్లకు పైబడిన బాణపు మొనలు బయటపడ్డాయి. కలహారి ఎడారిలోని సాన్ వేటగాళ్లు ఒక రకం పురుగు లార్వాల విషాన్ని బాణానికి పూసి, తగిలిన జంతువు పడిపోయేదాకా దాని జాడ పట్టుకుని ఓపికగా వెంట నడుస్తారు. నిప్పు, భాష, శరీర బరువులో 2 శాతమే ఉండి మన శక్తిలో 20 శాతం దాకా ఖర్చు చేసే మెదడు, ఇవన్నీ దూరం నుంచి కొట్టే ఈ సామర్థ్యాన్ని పెంచినవే.

అయితే ఆయుధం దూరాన్నే కాదు, గుంపు లోపలి బలాబలాలను కూడా మార్చింది. చింపాంజీ గుంపులో కండబలం ఉన్న మగది మిగిలినవాటిని అణచివేయగలదు. బల్లెం చేతికి వచ్చిన తరువాత, నిద్రలో ఉన్న బలవంతుణ్ణి నలుగురు బలహీనులు కలిసి చంపగలరు. ఇలా మాటలతో కూడబలుక్కుని దౌర్జన్యపరులను తొలగించడం వేల తరాల పాటు సాగడం వల్ల, ముక్కుమీద కోపం గలవారి సంతానం తగ్గి, మానవజాతి తనను తానే సాధువుగా మార్చుకుందని కొందరు మానవశాస్త్రవేత్తల వాదన. నాకు ఇది బలమైన వాదనగా తోస్తుంది. ఎదురెదురుగా తలపడే కొట్లాటలు చింపాంజీల్లో మనుషులకంటే వందల రెట్లు ఎక్కువని పరిశీలనలు చెబుతున్నాయి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు లక్షలాది అపరిచితులు చేరి, గద్దెల ముందు ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని, పసిపిల్లలను ఎత్తుకుని గంటల తరబడి నిలబడతారు. భూమి మీద మరే వానర జాతికీ ఇది సాధ్యం కాదు.

కాబట్టి మనిషిలో తగ్గినది అప్పటికప్పుడు రగిలే కోపం. పథకం వేసుకుని, పదిమందిని కూడగట్టుకుని, ఎదుటివాడు ఒంటరిగా చిక్కినప్పుడు దాడి చేసే గుణం తగ్గలేదు. దీని మూలం మనకంటే పాతది. 1974 నుంచి 1978 వరకు టాంజానియాలోని గోంబేలో ఒక చింపాంజీ గుంపు, తన నుంచి విడిపోయిన మరో గుంపులోని మగవాటిని ఒక్కొక్కటిగా వెంటాడి అంతం చేసిన తీరును జేన్ గుడాల్ బృందం నమోదు చేసింది. కెన్యాలో తుర్కానా సరస్సు పడమటి వైపున, నటరుక్ వద్ద, సుమారు 10 వేల ఏళ్ల నాటి కనీసం 27 మంది అవశేషాలు బయటపడ్డాయి. వారిలో ఒకరి పుర్రెలో రాతి మొన దిగి ఉంది, ఒకామె నిండు చూలాలు. ఒకే గుంపు లోపల మనల్ని సౌమ్యులుగా మార్చిన సహకారమే, గుంపు బయటి ప్రాణుల మీద మనల్ని ఇంత ప్రమాదకరంగా మార్చిందన్నది నా నమ్మకం.

మిగిలిన జంతువులకు దీని ఫలితం ఏమిటో ఖండాల చరిత్ర చెబుతుంది. ఆస్ట్రేలియా, అమెరికా ఖండాల్లో మనిషి అడుగుపెట్టిన తరువాత భారీ జంతువుల్లో అధిక భాగం అంతరించింది. అందులో వాతావరణం పాత్ర ఎంతన్నది ఇంకా వాదనలో ఉన్నా, సుమారు 700 ఏళ్ల క్రితం మనుషులు చేరిన న్యూజిలాండ్‌లో మోవా అనే ఎగరలేని భారీ పక్షుల అంతానికి మాత్రం మనిషే కారణమనడంలో సందేహం లేదు. మన దేశంలో నష్టం తక్కువ, ఏనుగు, దున్న, పులి మిగిలాయి. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో 15 లక్షల ఏళ్ల నాటి చేతిగొడ్డళ్లు దొరికాయంటే, మన జంతువులు మానవ జాతులతో కలిసి ఎంతకాలం మెలిగాయో ఊహించవచ్చు. అంతకాలంలో భయపడడం నేర్చుకున్నవే బతికాయి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ వనంలో నీటి గుంటల దగ్గర దాచిన స్పీకర్ల ద్వారా సింహం గొంతు, మనుషుల మాటలు వినిపించినప్పుడు, మనిషి గొంతుకు పారిపోయిన జంతువులు సింహం గొంతుకు పారిపోయినవాటికి రెట్టింపు అని 2023లో తేలింది.

ఇప్పుడు ఆ దూరం ఇంకా పెరిగి, మనిషి అసలు అక్కడ ఉండనవసరం లేని స్థితికి చేరింది. ఉత్తర తెలంగాణలో అడవి అంచున ఉన్న మక్క చేన్లకు అడవిపందుల కోసం రాత్రిపూట కట్టే కరెంటు తీగలకు పులులు బలైన సంఘటనలు ఉన్నాయి, ఆ తీగలు తగిలి మనుషులూ చనిపోయారు. ఆ తీగ కట్టిన రైతుకు పులి మీద పగ లేదు, చాలాసార్లు పంది మీద కూడా కోపం ఉండదు, ఒక్క రాత్రిలో పాడయ్యే పంట గురించిన భయం మాత్రమే ఉంటుంది. కోపం అవసరం లేని ఈ హింసను కోపం తగ్గించుకొమ్మని చెప్పి ఆపలేము, దాన్ని పథకంతోనే ఎదుర్కోవాలి. సోలార్ కంచె క్షణంలో చిన్న వంతు పాటు మాత్రమే కరెంటును పంపి, జంతువును బెదరగొట్టి వదిలేస్తుంది, సరిగ్గా అమర్చితే చంపదు. అదీ దూరం నుంచి పనిచేసేదే, అదీ మనిషి మెదడు చేసినదే. పందుల కోసం కట్టిన మామూలు తీగకంటే దానికి ఖర్చు ఎక్కువ, ఆ ఖర్చు చిన్న రైతు ఒక్కడే మోయవలసినది కాదు.