ఐస్‌క్రీమ్‌ని మెత్తగా ఉంచేది గడ్డకట్టని నీరే

ఇంట్లో చేసిన ఐస్‌క్రీమ్ ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంటే చాలు, మర్నాటికి చెంచా దిగదు. మీగడ చాలలేదేమో అని చాలామంది ఈసారి ఇంకాస్త కలుపుతారు. దానివల్ల కొంత మేలు ఉన్నా అసలు లెక్క నీటిది. ఇళ్లలోని ఫ్రీజర్ సుమారు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చలిలోనూ ఎంత నీరు గడ్డకట్టకుండా మిగిలిందన్నదే ముఖ్యం.

నీటిలో ఏది కరిగినా ఆ నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత సున్నా నుంచి కిందికి జారుతుంది. ఐస్‌క్రీమ్ మిశ్రమం సాధారణంగా మైనస్ 2, 3 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత జరిగేది నాకు చాలా ఇష్టమైన సంగతి. మంచు పలుకు పెరిగేటప్పుడు నీటి అణువులనే చేర్చుకుంటుంది, పంచదారను బయటే వదిలేస్తుంది. దాంతో మిగిలిన పాకం చిక్కబడుతుంది. అది గడ్డకట్టాలంటే ఇంకా చలి కావాలి. ఆ చలి తగిలితే మరికొంత నీరు మంచవుతుంది, మిగిలిన పాకం మరింత చిక్కబడుతుంది. ఇలా సాగి మైనస్ 18కి వచ్చేసరికి మామూలు ఐస్‌క్రీమ్‌లోని నీటిలో సుమారు మూడు వంతులు మంచుగా మారి, ఒక వంతు చిక్కటి పాకంగా పలుకుల మధ్య ఉండిపోతుంది. చెంచాకి దారిచ్చేది ముఖ్యంగా ఆ ఒక్క వంతే.

కాబట్టి పంచదార తీపి కోసమే అనుకుని సగానికి తగ్గిస్తే ఐస్‌క్రీమ్ రాయిలా తయారవుతుంది. అతి తక్కువ మోతాదులో వేసే కృత్రిమ తీపి పదార్థాలు ఈ పని చేయలేవు. ఎందుకంటే ఇక్కడ తీపికి విలువ లేదు, కరిగిన అణువుల సంఖ్యకే విలువ. కిలో నీటిలో 342 గ్రాముల పంచదార కరిగితే గడ్డకట్టే ఉష్ణోగ్రత దాదాపు 1.86 డిగ్రీలు తగ్గుతుంది. గ్లూకోజ్ అణువు చిన్నది కాబట్టి అంతే తగ్గడానికి 180 గ్రాములు చాలు. పైగా దాని తీపి కూడా తక్కువ. అందుకే పంచదారలో నాలుగో వంతు తీసేసి గ్లూకోజ్ పొడి వేయడం నాకు అన్నిటికంటే మంచి ఉపాయంగా తోస్తుంది. తేనె కూడా ఇలాగే పనిచేస్తుంది కానీ దాని రుచి పైకి తేలుతుంది. ఏదైనా మరీ ఎక్కువైతే ఐస్‌క్రీమ్ అసలు గట్టిపడదు.

మరి మీగడ? కొవ్వు నీటిలో కరగదు కాబట్టి గడ్డకట్టే ఉష్ణోగ్రతను మార్చదు. గాలి బుడగలు నిలవడానికి మాత్రం బాగా తోడ్పడుతుంది, ఆ బుడగలు కూడా కొంత మెత్తదనాన్నిస్తాయి. బజారులో దొరికే కొన్ని రకాల్లో దాదాపు సగం గాలే. మెషిన్ లేనివాళ్లు మీగడని నురుగు నిలిచేదాకా గిలక్కొట్టి, కండెన్స్‌డ్ మిల్క్‌లో మెల్లగా కలపడం ఆ గాలి కోసమే.

ఇన్ని చేసినా నిల్వలో ఒక చిక్కుంది. మంచు పలుకులు సుమారు 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) లోపు ఉన్నంతవరకు నాలుకకి నున్నగానే ఉంటుంది. ఫ్రీజర్ తలుపు తెరిచినప్పుడల్లా, పేరుకున్న మంచును అదే కరిగించుకునే ఫ్రీజర్ కాస్త వేడెక్కినప్పుడల్లా చిన్న పలుకులు కరుగుతాయి. మళ్లీ చలి పడగానే ఆ నీరు పెద్ద పలుకులకి అతుక్కుంటుంది. చిక్కదనం కోసం వంటల్లో వాడే గ్వార్ గమ్ గానీ శాంథన్ గమ్ గానీ చిటికెడు వేస్తే పాకం జిగురెక్కి ఈ మార్పు నెమ్మదిస్తుంది. డబ్బా తలుపు దగ్గర కాకుండా ఫ్రీజర్‌లో వెనక్కి పెట్టాలి. ఐస్‌క్రీమ్ పైభాగానికి తగిలేలా ప్లాస్టిక్ పొర పరిస్తే లోపలి తేమ పైన మంచుగా పేరుకోదు.

వడ్డించే ముందు డబ్బాని బయట బల్ల మీద కాకుండా ఫ్రిజ్‌లో పది, పదిహేను నిమిషాలు ఉంచండి. బయట పెడితే నడిమి భాగం గట్టిగా ఉండగానే అంచులు కరిగిపోతాయి. అలా కరిగింది చిలకకుండా మళ్లీ గడ్డకడితే పెద్ద పలుకులే మిగులుతాయి.