‘ఈత వచ్చు కదా’ అనే ధీమా జలపాతం దగ్గర ఎందుకు పనికిరాదు: అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. “అన్నా, ఈసారి మడుగులో దిగనిస్తావా, మా గ్రూపులో అందరికీ ఈత వచ్చు” అని కుర్రాళ్లు. “మావాడు మీతో వస్తున్నాడండి, వాడికి ఈత వచ్చు, అయినా మనసు ఆగక చేశాను” అని వాళ్ల అమ్మలు. భయపడే వాళ్లు, భయం లేని వాళ్లు అందరూ ధైర్యం తెచ్చుకునేది ఆ ఒక్క మాట మీదే. రోడ్ ట్రిప్పులు, ట్రెక్కులు నడిపించడం నా పని కాబట్టి ఈ మాట విన్నప్పుడల్లా అక్కడికక్కడే చెబుతుంటాను. ఫోన్‌లో చెప్పింది సగమే బుర్రకెక్కుతుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువ భాగం దీని గురించే. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఈత వస్తే జలపాతం కింద మడుగులో దిగొచ్చు.

వాస్తవం: మనలో చాలామంది ఈత నేర్చుకున్నది బావిలోనో, చెరువులోనో, స్విమ్మింగ్ పూల్‌లోనో. అంటే కదలని నీళ్లలో. ఆ నీళ్లు మనల్ని పైకి తేలుస్తాయి, మనం చేతులూ కాళ్లూ ఆడిస్తే ముందుకు వెళ్తాం. జలపాతం పాదం దగ్గర ఈ రెండింటిలో ఒక్కటీ నమ్మకంగా జరగదు.

ముందు తేలడం సంగతి చూద్దాం. ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చుకున్నా మనిషి శరీరం నీళ్లకంటే తేలికగా ఉండేది చాలా కొద్ది తేడాతోనే. జలపాతం పడేచోట తెల్లగా కనిపించే నురగంతా గాలి కలిసిన నీళ్లు. గాలి కలిసేకొద్దీ నీటి సాంద్రత తగ్గుతుంది, మనల్ని మోసే శక్తీ తగ్గుతుంది. ఆ కొద్దిపాటి తేడా కాస్తా పోతే ఎంత గొప్ప ఈతగాడైనా మునుగుతాడు. చేత్తో నీటిని వెనక్కి తోస్తేనే కదా ముందుకు వెళ్లేది, నురగలో చేతికి పట్టు దొరకదు. లైఫ్ జాకెట్ కూడా అక్కడ మామూలు నీళ్లలో తేల్చినంతగా తేల్చదు. అలాగని వేసుకోవద్దని కాదు, కచ్చితంగా వేసుకోవాల్సిందే. కానీ అది ఉంది కదా అని ధార కిందికి వెళ్లడానికి లేదు.

ఇక రెండోది, అసలు ప్రాణాలు తీసేది. పైనుంచి పడిన నీళ్లు నేరుగా అడుగుకి వెళ్తాయి, అక్కడినుంచి కొంచెం ముందుకు జరిగి పొంగినట్టు పైకి లేస్తాయి. పైకి లేచిన నీళ్లలో కొంత వాగు వాలున కిందికి పోతే, మిగతాది ఉపరితలం మీద వెనక్కి, మళ్లీ ధార వైపే వెళ్తుంది. అక్కడ ఆ ధార దాన్ని మళ్లీ అడుక్కి తొక్కుతుంది. ఆ పొంగుకీ ధారకీ మధ్య చిక్కుకున్న మనిషి ఒడ్డు వైపు ఎంత ఈదినా నీళ్లు అతన్ని వెనక్కే తీసుకుపోతుంటాయి. ఒడ్డు మీద నుంచి చూసేవాళ్లకి ఇదేమీ కనిపించదు, ధార పక్కన కాస్త చదునుగా, దిగమని పిలుస్తున్నట్టుగా ఉంటుంది ఆ చోటు.

ఒకసారి కాలేజీ కుర్రాళ్ల గ్రూపు వచ్చింది. అందులో ఒకబ్బాయి కాలేజీ ఈత జట్టులో ఉన్నాడట, మిగతావాళ్లు అతన్ని చూసుకుని బట్టలు మార్చుకోవడానికి సిద్ధమైపోయారు. నేనేమీ వాదించలేదు. ఒడ్డున పడి ఉన్న ఎండు కొమ్మ, నా చేయంత మందం, నడుమెత్తు పొడవు, తీసుకుని ధార పక్కకి విసిరాను. మునిగింది. కాసేపటికి నురగ అంచున నిటారుగా పైకి లేచి, పడుకుని, మా వైపు ఒక రెండు బారలు వచ్చింది. “వచ్చేస్తోంది అన్నా” అన్నారు ఎవరో. అక్కడే ఆగి, మెల్లగా అడ్డం తిరిగి, ఎవరూ తోయకుండానే ధార వైపు వెళ్లి మళ్లీ కిందికి పోయింది. మేం కూర్చుని భోజనాలు ముగించేదాకా అది అలా మునుగుతూ లేస్తూనే ఉంది. మొదట్లో బెరడుతో ఉన్న కొమ్మ, చివర్లో చూస్తే ఒకవైపు బెరడంతా ఊడిపోయి తెల్లగా అయిపోయింది. ఆ అబ్బాయి చాలాసేపు దాన్నే చూసి, “నేనైతే రెండో రౌండ్‌కే ఊపిరి వదిలేసేవాణ్ణి” అన్నాడు. ఆ రోజు ఎవరూ దిగలేదు.

చిన్న ఆనకట్టలు, చెక్ డ్యాముల సంగతి ఇంకా ఘోరం. నాలుగడుగుల ఎత్తు నుంచి నీళ్లు జారుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పిల్లల్ని తీసుకుని దిగుతారు. జలపాతంలో రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి ఏదో ఒక పక్క నీళ్లు బయటికి పోయే సందు ఉండే అవకాశం ఉంది. ఆనకట్ట కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరుగుడు ఒకేలా ఉంటుంది, తప్పించుకునే పక్క దారి ఉండదు. దయచేసి దాని కిందికి వెళ్లకండి.

ఇక్కడ ఒక పుకారు గురించి చెప్పాలి, వినీ వినీ విసుగొచ్చింది. “ఆ మడుగు ఏటా ఒకరిని బలి తీసుకుంటుంది”, “కింద ఏదో ఉంది, కాళ్లు పట్టి లాగుతుంది” అంటారు. కాళ్లు పట్టి లాగేది ఏమీ లేదు, పైన చెప్పిన నీటి తిరుగుడే ఉంది. ఒకేచోట మళ్లీ మళ్లీ మనుషులు పోవడానికి కారణం అక్కడి రాళ్లు, లోతు, ధార ఎత్తు మారకపోవడం. దిగినవాళ్లందరికీ ఒకే ఉచ్చు. ఈ కథల వల్ల జరిగే నష్టం ఏమిటంటే, అలాంటి కథ లేని జలపాతం సేఫ్ అనుకుంటారు. బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి “వాళ్లు తప్పు రోజున వెళ్లారు” అనేవాళ్లని కూడా చూశాను. అలా అనకండి, ఆ ఇంట్లోవాళ్లు ఆ మాట జీవితాంతం మోస్తారు.

సరే, ధార కిందికి వెళ్లం, కాస్త కిందగా వాగులో దిగుతాం అంటారా? అక్కడ లోతు కాదు, వేగం చూడాలి. నీటి వేగం రెట్టింపైతే అది మన మీద చూపే బలం నాలుగు రెట్లవుతుంది. మోకాలి లోతు నీళ్లే అయినా వేగంగా పారుతున్నప్పుడు రెండు రాళ్ల మధ్య పాదం ఇరుక్కుందంటే వెనక నుంచి వచ్చే నీళ్లు మనిషిని ముందుకు వంచేసి ముఖాన్ని నీళ్లలోకి తొక్కేస్తాయి. లేవాలన్నా లేవలేం. అందుకే కొట్టుకుపోతున్నప్పుడు నిలబడే ప్రయత్నం చేయకూడదు. వెల్లకిలా పడుకుని, కాళ్లు నీళ్లపైకి ఎత్తి ప్రవాహం పోయే వైపు పెట్టి, చేతులతో ఒడ్డు వైపు జరుగుతూ పోవాలి. నీళ్లు బాగా నెమ్మదించి, మోకాలి లోపే ఉన్నాయని తెలిశాకే లేవాలి.

కొండల్లో నీళ్లు చల్లగా ఉంటాయి. ఒక్కసారిగా దూకితే మన ప్రమేయం లేకుండానే పెద్దగా ఊపిరి పీల్చేస్తాం, తల నీళ్లలో ఉండగా అది జరిగితే గాలికి బదులు నీళ్లే లోపలికి పోతాయి. ఈ షాక్ మొదటి ఒకటి రెండు నిమిషాలు తీవ్రంగా ఉంటుంది. ఈత వచ్చినవాళ్లు దూకిన వెంటనే మునిగిపోయారని విన్నప్పుడల్లా “కాళ్లు పట్టేసి ఉంటాయి” అంటారు, చాలాసార్లు కారణం ఇదే. ఇక “పోయినేడాది ఇక్కడే దూకాను” అనేవాళ్లతో నేను వాదన పెట్టుకోను. ఒక్క వరదతో మడుగు అడుగున రాళ్లు, చెట్ల మొద్దులు చోటు మారిపోతాయి.

ఒకరు పడితే వెంటనే ఇంకొకరు దూకడం, ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే విషయం. అన్న కోసం తమ్ముడు, బిడ్డ కోసం తండ్రి. ఆ క్షణంలో కాళ్లు ఆగవు, నాకు తెలుసు. అయినా సరే, ముందు అరవండి, తర్వాత ఏదైనా అందించండి, కర్ర, చున్నీ, బెల్టు. ఒడ్డున బోర్లా పడుకుని అందించండి, లేకపోతే వాళ్ల బరువుకి మీరూ పోతారు. అందకపోతే తాడు విసరండి, మూత బిగించిన ఖాళీ క్యాన్ విసరండి. నీళ్లలోకి మాత్రం వెళ్లొద్దు. ఏ ట్రిప్‌కైనా మీ కారు డిక్కీలో పదిహేను ఇరవై మీటర్ల తాడు ఒకటి ఉండాలి, జలపాతం దగ్గరికి నడిచేటప్పుడు అది డిక్కీలో కాదు, బ్యాగులో ఉండాలి.

అపోహ: ఇక్కడ ఎండ కాస్తోంది, నీళ్లెలా పెరుగుతాయి?

వాస్తవం: మీ తలమీద పడే వానతో వాగుకి పనిలేదు, పైన కొండల్లో పడే వానతోనే పని. అమెరికాలో ఆంటిలోప్ కేన్యన్ దగ్గర 1997 ఆగస్టులో 11 మంది చనిపోయింది ఇలాగే, వాన పడింది ఎగువన, ఎక్కడో దూరంగా. 1999 జులైలో స్విట్జర్లాండ్‌లో ఇంటర్లాకెన్ దగ్గర లోయలో దిగిన 21 మందిని ఒక్కసారిగా వచ్చిన వరద తీసుకుపోయింది. మనకైతే 2014 జూన్ ఎవరూ మర్చిపోలేదు. బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అక్కడ వాన కూడా కాదు, పైనున్న డ్యాం నుంచి వదిలిన నీళ్లు.

నీళ్ల రంగు మారి బురదగా వస్తున్నా, ఆకులూ పుల్లలూ ఉన్నట్టుండి ఎక్కువైనా, ధార చప్పుడు మారినా చెప్పులు, ఫోన్ ఏవీ వెతుక్కోకుండా పక్కనున్న గట్టు ఎక్కేయండి. వాగు వెంట కిందికి పరిగెత్తకండి, నీళ్లు మీకంటే వేగంగా వస్తాయి. వెళ్లేటప్పుడు చీలమండల లోతులో దాటిన వాగు తిరిగొచ్చేసరికి నడుంలోతు అయ్యిందంటే ఇవతలే ఆగండి. రాత్రంతా తడిసి కూర్చోవాల్సి వచ్చినా సరే. వాన ఆగితే చిన్న వాగులు కొన్ని గంటల్లోనే తగ్గుతాయి.

ఇక మిగతావి.

“కారు బరువుగా ఉంటుంది, వాగు దాటేస్తుంది.” దాటదు. పారే నీళ్లు 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు తేలిపోతుంది, 60 సెంటీమీటర్లకి చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో కూడా మీకు కనిపించదు.

“ఘాట్ రోడ్డు దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే ఆయిల్ కలిసొస్తుంది.” ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితేనే ఇంధనం ఆగిపోతుంది, న్యూట్రల్‌లో ఇంజన్ తిరగడానికి ఇంకా కొంచెం తాగుతుంది. పైగా భారమంతా బ్రేకుల మీద పడి, వేడెక్కి, చివరి మలుపుల్లో పట్టవు. ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ దాదాపు అదే గేరు.

“సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు.” పనిచేస్తుంది, దానికి ఉపగ్రహాలు చాలు. పనిచేయనిది మ్యాప్ లోడ్ కావడం, అందుకే బయల్దేరే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

“అద్దంలా ఉన్నాయి, తాగొచ్చు.” క్రిములు కంటికి కనిపించవు. మరిగించి తాగండి, లేదా వెంట తీసుకెళ్లండి.

“జలగకి నిప్పు పెట్టాలి, ఉప్పు చల్లాలి.” అలా చేస్తే అది కడుపులో ఉన్నది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. గోటితో దాని నోరు పట్టుకున్నచోట పక్కకి నెడితే ఊడిపోతుంది. తర్వాత రక్తం కాసేపు ఆగదు, గడ్డకట్టకుండా అది వదిలిన పదార్థం వల్ల. కంగారు పడకండి, కడిగి గుడ్డతో అదిమి పట్టండి.

“ధార పైన అంచు దగ్గర నీళ్లు తక్కువే కదా.” నీళ్లు తక్కువే, కానీ ఆ రాయి ఏళ్ల తరబడి నీళ్లకి అరిగి నున్నగా అయిపోయి ఉంటుంది, పైన పాచి. ఫొటో కోసం అక్కడికి వెళ్లేవాళ్లని నేను చేయి పట్టి వెనక్కి లాగుతాను, కోపాలొచ్చినా సరే.

పిల్లల్ని పంపించి ఇంట్లో టెన్షన్ పడే అమ్మానాన్నలకి ఒక మాట. “జాగ్రత్త నాన్నా” అని పదిసార్లు ఫోన్ చేయడం కంటే, వెళ్లేముందు ఒక కాగితం మీద రాయించుకోండి: ఏ దారిన వెళ్తున్నారు, పైన డ్యాం ఏదైనా ఉందా, వెనక్కి తిరిగే టైమ్ ఎంత, ఆ టైమ్ దాటి రెండు గంటలైనా కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ నంబరు అక్కడి స్థానికులదో, పోలీస్ స్టేషన్‌దో అయ్యుండాలి, ఎందుకంటే ట్రిప్‌లో ఉన్న స్నేహితుడి నంబరు రాసిస్తే అతని ఫోన్‌కీ సిగ్నల్ ఉండదు.