ఫిష్ హిల్ ఎక్కలేకపోయిన కారు: పిల్లలకి తాతయ్య ఉత్తరం

అమ్మలూ, చిన్నోడా,

మీరు విజయవాడ వెళ్ళి మూడు వారాలైంది, మీ అమ్మమ్మ ఇంకా నలుగురికీ సరిపడా బియ్యం పోసేస్తోంది. సరే, కారు బాగైంది. ఫోన్లో చెప్పేద్దామనుకున్నా గానీ మీరు "ఓకే తాతయ్యా" అనేసి పెట్టేస్తారు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఆ రోజు గుర్తుందిగా, ఇక్కడ ఇంగ్లండ్‌లో బ్రాడ్‌వే ఊరు దాటి ఫిష్ హిల్ కొండ ఎక్కుతుంటే సగం దాకా బానే వచ్చి అక్కడ నీరసపడిపోయింది, టాప్ నుంచి థర్డ్‌కి, థర్డ్ నుంచి సెకండ్‌కి దించినా లాగలేదు, వెనకాల పది కార్లు క్యూ కట్టేశాయి. ఈ దేశంలో జనం హారన్ కొట్టరు, ఆ చప్పుడు లేకపోవడమే ఇంకా సిగ్గుగా ఉంటుంది. అప్పుడు చిన్నోడు వెనక సీట్లోంచి "తాతయ్యా, కారు ముసలిదైపోయిందా?" అన్నాడు. కొంచెం తగిలిందిరా ఆ మాట. 1971 మోడల్ కదా, వయసైంది, నిజమే, కానీ ముసలితనం అనేది రిపేరు పేరు కాదు. ఎక్కడో ఒక వస్తువు దాని పని అది చెయ్యట్లేదు, అదేంటో పట్టుకోవాలి.

మన ఈ కారు, ఎంజీబీ జీటీ, ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్‌లో తయారైన బండి. ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగానే చేశారు. ఇంజన్ 1798 సీసీ, బీ సిరీస్ అంటారు. మీకు తెలీని చుట్టమేం కాదు, మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కూడా ఆ బీ సిరీస్‌దే. కాబట్టి తెనాలిలో అంబాసిడర్లు విప్పిన ముసలి మెకానిక్కుని తీసుకొచ్చి దీని బానెట్ తెరిచి చూపిస్తే ఏం తడబడడు, గాలీ పెట్రోలూ కలిపిచ్చే కార్బొరేటర్లు రెండున్నాయేంటని మాత్రం అడుగుతాడు.

ముందు నా తప్పు చెప్తా. మీరు రాకముందే, మే నెలలోనే ఇది కొంచెం లాగడం తగ్గింది. నేనేం చేశానంటే ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, కాయిల్, అంటే స్పార్కు ఇచ్చే సామాన్లన్నీ తెప్పించి ఒకే ఆదివారం మార్చేసి, అదే ఊపులో కార్బొరేటర్లు కూడా విప్పి కడిగేశా. రెండు రోజులు బాగున్నట్టే అనిపించింది, డబ్బులు పెట్టాం కాబట్టి అనిపిస్తుంది మరి. అలా ఒకేసారి అన్నీ మారిస్తే, బాగైతే దేనివల్ల బాగైందో తెలీదు, బాగవకపోతే కొత్తగా నేనేం చెడగొట్టానో అదీ తెలీదు. మీరు వెళ్ళాక మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టా, ఈసారి ఏదీ కొనకుండా.

మొట్టమొదట చూడాల్సింది అసలు ఇంజన్‌కే బలం తగ్గిందా, లేక బండిని ఏదన్నా వెనక్కి లాగుతోందా అని. బ్రేకు పట్టేసి ఉంటే డ్రైవరుకి అచ్చం ఇంజన్ నీరసం లాగే ఉంటుంది. పది మైళ్ళు తిప్పి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశా, ఏదీ మిగతావాటికంటే ఎక్కువ కాలట్లేదు. క్లచ్ జారుతుంటే ఇంజన్ రయ్యిమని అరుస్తుంది, స్పీడు పెరగదు, అదీ కాదు. తర్వాత మీ అమ్మమ్మని సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమన్నా, నేను బానెట్ కింద చూస్తే థ్రాటిల్, అంటే ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు, పూర్తిగా తెరుచుకుంటోంది. నవ్వకండి, కాళ్ళ కింద కార్పెట్ మడతపడి పెడల్ కిందికి దిగక, కారులో దమ్ము లేదని ఇంజన్ విప్పేసిన వాళ్ళున్నారు.

అప్పుడు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూడటం. ఇది సరిగ్గా లేకపోతే మిగతా ట్యూనింగ్ అంతా దండగ. నాలుగు ప్లగ్గులూ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ పెట్టి స్టార్టర్‌తో తిప్పితే 155, 150, 155, 150 పీఎస్‌ఐ వచ్చాయి. నెంబర్ ఎంతొచ్చిందనే దానికంటే నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటం ముఖ్యం. 2, 3 సిలిండర్లు రెండే పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై మూత కింద బిగుతుగా ఉంచే రేకు) పోయిందని అనుమానించాలి. ఒక్కటే పడిపోతే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి, రీడింగ్ పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో, పెరక్కపోతే వాల్వుల్లో. ఇక్కడ 2000 జనవరి నుంచి సీసం కలిపిన పెట్రోల్ అమ్మడం ఆపేశాక పాత హెడ్‌లలో వాల్వు సీట్లు అరిగి వాల్వు లోపలికి దిగిపోయేది, దాంతో టాపెట్ సందు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ, మూసుకుపోయేది, అందుకే టాపెట్లు కూడా చూశా. 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉండాలి, ఉంది.

తర్వాత కరెంటు. కార్బొరేటర్ జబ్బుల్లో సగానికి పైగా కరెంటు జబ్బులే అని పాత మెకానిక్కులు నవ్వుతూ అంటుంటారు, అందుకని దీన్ని తొందరగా వదల్లేదు. పాయింట్ల సందు 15 థౌ, ప్లగ్గుల సందు 25 థౌ. ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి పక్కన గుండ్రటి డబ్బా ఒకటుంటుంది, దానికొచ్చే సన్న పైపు పీకి నోటితో పీల్చి చూస్తే లోపల ప్లేటు కదలాలి. కదలకపోతే లోపలి పొర చిరిగినట్టే, స్పార్కు టైమింగ్ ముందుకి జరగాల్సినప్పుడు జరగదు. కదిలింది. చిన్నోడా, ఈసారి వచ్చినప్పుడు నువ్వు పీల్చుదువుగాని.

ఇన్ని చూశాక ఆ రోజు కారు ఎలా నీరసపడిందో మళ్ళీ గుర్తు చేసుకున్నా. కరెంటు పోతే ఇంజన్ ఠపీమని తెగుతుంది, కుదుపుతుంది, మిస్సింగ్ ఇస్తుంది. పెట్రోల్ అందకపోతే అలా ఉండదు, మెల్లగా, దీపంలో నూనె అయిపోతున్నట్టు తగ్గుతూ పోతుంది. మనది రెండో రకం. పైగా పక్కకి తీసి ఐదు నిమిషాలు ఆపి అమ్మలు ఫొటోలు తీసుకున్నాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టయి పైకి ఎక్కేసింది కదా. ఆ ఐదు నిమిషాల్లోనే ఉంది గుట్టంతా, నేనే పట్టించుకోలేదు.

కార్బొరేటర్ సంగతి కొంచెం చెప్పాలి, నాకిష్టం కాబట్టి. దీనికున్నవి ఎస్‌యూ కార్బొరేటర్లు, ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్, ఆ స్కిన్నర్లు చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం, మొదటి కార్బొరేటర్లో వాళ్ళు తోలు తిత్తి పెట్టారు. ఇప్పుడు తిత్తి బదులు ఒక పిస్టన్ ఉంటుంది, ఇంజన్ ఎంత గాలి పీలిస్తే అది అంత పైకి లేస్తుంది, దాని కింద సన్నగా చెక్కిన సూది ఒకటి, పిస్టన్ లేచేకొద్దీ సూది లేచి ఎక్కువ పెట్రోల్ వదులుతుంది. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు, ఎంత గాలికి అంత పెట్రోల్. పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే టక్కుమని కింద పడాలి, రెండూ పడ్డాయి. వీటి పక్కనే తొట్టిలాంటి ఫ్లోట్ చాంబర్లుంటాయి, అందులో నిలవుండే పెట్రోల్ చాలా తక్కువ. చదును రోడ్డు మీద పంపు కొంచెం కొంచెం అందించినా సరిపోతుంది, ఎత్తు మీద ఫుల్లుగా తొక్కితే వచ్చేదానికంటే ఖర్చెక్కువై తొట్టి ఖాళీ అవుతుంది, ఆపితే మళ్ళీ నిండుతుంది. ఇప్పుడర్థమైందా సగం కొండ దాకా ఎందుకు బాగుందో?

పంపు వెనక కుడి చక్రం దగ్గర కింద ఉంటుంది, తాళం తిప్పగానే టకటకటక కొట్టుకుని తొట్లు నిండాక ఆగిపోతుంది, మీరు గడియారం అన్నది దాన్నే. కార్బొరేటర్ దగ్గర పైపు పీకి సీసాలో పెట్టి పంపు ఆన్ చేశా (ఆరుబయట, పక్కన మంటార్పేది పెట్టుకుని, మీరు ఒక్కళ్ళే ఎప్పుడూ చెయ్యకూడని పని ఇది). నిమిషానికి అరలీటరుకి తగ్గకూడదని లెక్క. మొదట పదిహేను సెకన్లు ధారగా వచ్చింది, తర్వాత సన్నబడి సన్నబడి దారంలా అయిపోయింది, పంపు కూడా టక్... టక్... అని ఆయాసపడుతోంది. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే అవుతుంది కాబట్టి మూత తీసి చూశా, తేడా లేదు. అంటే ట్యాంకుకీ పంపుకీ మధ్యే.

ఆ మధ్యలో జానెడు రబ్బరు పైపుంది. పైకి నిగనిగలాడుతోంది, వంచినా పగుళ్ళు లేవు. తీసి నిలువునా కోశా, లోపలి పొర ఉబ్బి మెత్తగా అయిపోయి ఒక పక్క ఊడి నాలుకలా వేలాడుతోంది. పంపు పీల్చినప్పుడల్లా ఆ నాలుక దారికి అడ్డం పడుతుంది, ఎంత గట్టిగా పీలిస్తే అంత మూసుకుంటుంది, ఆపితే తెరుచుకుంటుంది. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్లో ఇథనాల్ 10 శాతం దాకా కలుపుతున్నారు, దానికి పాత రకం రబ్బరు తట్టుకోదు. మీ దగ్గర 20 శాతం కలుపుతున్నారు కదా, మీ నాన్న పాత స్కూటర్ పైపు కూడా ఒకసారి చూడమనండి, చూడడానికి బాగుందని వదిలెయ్యద్దనండి.

ఇథనాల్‌కి తట్టుకునే కొత్త పైపు వేశా, చాలా తక్కువ ఖరీదు, నేను మేలో తగలేసిన డబ్బు గురించి మీ అమ్మమ్మకి చెప్పకండి. నిన్న ఫిష్ హిల్ థర్డ్ గేర్‌లో ఆగకుండా ఎక్కేసి పైన టవర్ దగ్గర కూర్చుని పులిహోర తిని వచ్చాం.

పాత పైపు ముక్క ఈ కవర్లోనే పెట్టా. రెండు వారాలు షెడ్డులో ఆరబెట్టినా పెట్రోల్ వాసన ఇంకా కొంచెం ఉంది, మీ అమ్మ చూడకముందే బాల్కనీలోకి తీసుకెళ్ళండి. నాలుకని వేలితో పైకి లేపి, వదిలి చూడండి.

తాతయ్య