అనాపౌసిస్ అంటే పని మానుకోవడమేనా? మత్తయి 11:28-29పై అపోహలు – వాస్తవాలు

"ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి." మత్తయి సువార్తలో యేసు పలికిన ఈ వాక్యం లేని క్రైస్తవ కేలండర్ తెలుగునాట కష్టం మీద దొరుకుతుందేమో. బైబిలు కళాశాలలో గ్రీకు చెప్పే నాకు, సభలు ముగిశాక దైవసేవకుల దగ్గర నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే. 28వ వచనంలో "విశ్రాంతి కలుగజేతును" అన్నది గ్రీకులో ఒకే క్రియ: అనాపౌఓ. 29లో "మీ ప్రాణములకు విశ్రాంతి" అన్నచోట దాని నామవాచకం: అనాపౌసిస్. ఈ మాట చుట్టూ పుట్టిన అపోహల్లో నాకు తరచుగా ఎదురయ్యేవి ఇవి.

అపోహ: బైబిల్లో విశ్రాంతి అని ఎక్కడున్నా గ్రీకులో ఇదే మాట.

వాస్తవం: కాదు. మన పాత తెలుగు బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక 3, 4 అధ్యాయాల్లోని విశ్రాంతి కతాపౌసిస్. అదే పత్రిక 4:9లో మాత్రం సబ్బతిస్మొస్. అపొస్తలుల కార్యములు 3లోని "విశ్రాంతికాలములు" అనాప్సుక్సిస్, అంటే సేదదీరడం. 2 థెస్సలొనీక 1:7లోది అనెసిస్, అంటే బిగువు సడలడం.

తిరగేసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అనాపౌఓ, అనాపౌసిస్ అన్నిచోట్లా మనకు విశ్రాంతిగా కనబడవు. మార్కు 6:31లో "అలసట తీర్చుకొనుడి", లూకా 12:19లో "సుఖించుము", ప్రకటన 14:11లో "నెమ్మది". ఇందులో అనువాదకుల తప్పేమీ లేదు, సందర్భాన్ని బట్టి తెలుగు మాట ఎంచుకున్నారు. కాకపోతే తెలుగులో మాట ఒకటే కదా అని రెండు వచనాలను ముడిపెట్టి ప్రసంగం అల్లేముందు మూలం చూడటం మంచిది.

అపోహ: "అనా" అంటే పైకి, "పౌసిస్" అంటే ఆగడం. కాబట్టి దీని అసలు అర్థం "పైకి లేపే విశ్రాంతి".

వాస్తవం: వినడానికి బాగుంటుంది, అంతే. మాటను విడగొట్టినంత మాత్రాన అర్థం చేతికి రాదు. మన "విశ్రాంతి", "పరిశ్రమ" రెండూ శ్రమ్ అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. అలాగని విశ్రాంతి కోసం ఎవరూ పారిశ్రామికవాడకు వెళ్లరు. కొత్త నిబంధన కాలానికి అనాపౌసిస్ జనం నోట్లో నానిన మామూలు మాట. పని మధ్య విరామం, అలసట తీరడం, ఊపిరి తిప్పుకోవడం, ఇవీ దాని అర్థాలు. నేటి గ్రీకు సైన్యంలో కవాతు సిపాయిలకు మనవాళ్లు "విశ్రామ్" అనే చోట వినిపించే ఆజ్ఞ కూడా ఈ మాటే.

అపోహ: అనాపౌసిస్ అంటే ఏ పనీ లేకుండా ఉండటం.

వాస్తవం: ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. "మీమీద నా కాడి ఎత్తికొని" అన్న వెంటనే "విశ్రాంతి దొరకును" అని వస్తుంది. కాడి ఎత్తేది పనిలోకి దిగడానికే గాని నీడన పడుకోవడానికి కాదు. యేసుకు సుమారు రెండు వందల ఏళ్ల ముందు హెబ్రీలో రాసి, తర్వాత గ్రీకులోకి తెచ్చిన సీరా గ్రంథం 51వ అధ్యాయంలోనూ ఇదే కలయిక ఉంది. మెడను జ్ఞానపు కాడి కింద పెట్టమంటూ, తాను కొద్దిగా ప్రయాసపడి ఎంతో అనాపౌసిస్ పొందానంటాడు రచయిత. కతోలిక బైబిలు ఉన్నవారు తీసి చూడవచ్చు. కాడి, ప్రయాస, విశ్రాంతి అప్పటికే కలిసి నడుస్తున్న మాటలన్నమాట.

ఐగుప్తులోని తెబ్తూనిస్‌లో మొసళ్ల మమ్మీలకు చుట్టిన పాత కాగితాలు బయటపడ్డాయి. వాటిలో క్రీ.పూ. 103 నాటి కౌలు పత్రం ఒకటి. భూమికి విశ్రాంతి ఇవ్వడానికి వేసే తేలికపాటి పంటల ప్రస్తావనలో ఈ మాటల కుటుంబమే అందులో కనిపిస్తుంది. చేను బీడు పడదు. బలాన్ని లాగేసే పంట తీశాక తేలిక పంట వేస్తారు. వరి కోశాక మినుమో పెసరో చల్లే కృష్ణా డెల్టా రైతుకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. మత్తయి మనసులో ఈ పొలమే ఉందని నేననను. ఆనాటి గ్రీకులో "విశ్రాంతి"కి "ఖాళీ" అనే అర్థం తప్పనిసరి కాదనడానికి మాత్రం ఇది గట్టి సాక్ష్యం.

ఇక ప్రకటన గ్రంథం. 4:8లో నాలుగు జీవులు "మానక రాత్రింబగళ్లు" పరిశుద్ధుడు, పరిశుద్ధుడు అంటుంటాయి. 14:11లో మృగానికి నమస్కరించేవారు "రాత్రింబగళ్లు నెమ్మదిలేనివారై" ఉంటారు. తెలుగులో "రాత్రింబగళ్లు" తప్ప ఈ రెండింటికీ పోలిక కనబడదు. గ్రీకులో రెండుచోట్లా ఉన్నది ఒకే పదబంధం: పగలూ రాత్రీ అనాపౌసిస్ లేదు. ఒకచోట ఆరాధన, ఇంకోచోట శిక్ష. విశ్రాంతి లేకపోవడం దానంతటది శాపమూ కాదు, ఉండటం దానంతటది దీవెనా కాదు. మత్తయి 12:43లో అపవిత్రాత్మ నీరులేని చోట్ల తిరుగుతూ వెతికేది కూడా అనాపౌసిస్‌నే మరి!

లూకా 12లోని ధనవంతుణ్ని చూడండి. కొట్లు నింపుకొని "ప్రాణమా... సుఖించుము" అనుకుంటాడు. ప్రాణం అనే మాటా, విశ్రమించడం అనే క్రియా, రెండూ మత్తయి 11లోవే. తన ప్రాణానికి తానే విశ్రాంతి ప్రకటించుకున్నాడు. ఆ రాత్రే ప్రాణాన్ని అడిగేశారు. మత్తయి 11 మీద ప్రసంగించేవారు ఈ కథను పక్కన పెట్టుకుంటే, ప్రాసల కోసం అంతగా వెతుక్కోనక్కర్లేదని నా అభిప్రాయం.

కాడి మాట వచ్చింది కాబట్టి ఒకటి. "కాడికి అటువైపు యేసే ఎద్దులా నడుస్తాడు" అని మన సభల్లో తరచూ వింటాం. వచనంలో ఉన్నది "నా కాడి" అని మాత్రమే. అవతలి పక్క ఎవరున్నారో అక్కడ రాసిలేదు.

అపోహ: "మీ ప్రాణములకు విశ్రాంతి" అన్నది అంతకుముందు ఎవరూ అనని మాట.

వాస్తవం: యిర్మీయా 6:16లోని "మీకు నెమ్మది కలుగును" ఇదే. ఇందులో చిన్న విశేషముంది. పాత నిబంధన గ్రీకు అనువాదమైన సెప్టువజింట్ ఆ చోట "శుద్ధి" అనే అర్థమిచ్చే మాట వాడింది. మత్తయిలోని అనాపౌసిస్ ఆ గ్రీకు కంటే హెబ్రీ మూలానికి దగ్గరగా ఉంది.

అపోహ: అనాపౌసిస్ ఈ లోకపు తాత్కాలిక విశ్రాంతి, కతాపౌసిస్ పరలోకపు నిత్య విశ్రాంతి.

వాస్తవం: సెప్టువజింట్‌లో నిర్గమ 35:2 ఒక్కటి చదివితే చాలు. ఏడవ దినాన్ని ఆ ఒక్క వచనమే కతాపౌసిస్ అనీ అంటుంది, అనాపౌసిస్ అనీ అంటుంది. ప్రకటన 14:13లో ప్రభువునందు మృతి పొందేవారి విశ్రాంతికి వాడింది అనాపౌఓ క్రియనే. అది తాత్కాలికమని ఎవరూ అనరు కదా.

అపోహ: హెబ్రీ 4:9లో సబ్బతిస్మొస్ ఉంది కాబట్టి విశ్రాంతి దినం శనివారమా, ఆదివారమా అన్న వాదన అక్కడితో తేలిపోయింది.

వాస్తవం: కొత్త నిబంధనలో ఈ మాట ఈ ఒక్కచోటే వస్తుంది. సబ్బాతు ఆచరణ అని దాని అర్థం, దాన్ని పలచన చేయకూడదు. అయితే అక్కడి వాదన నడిచేది 95వ కీర్తన మీద: యెహోషువ వారికి విశ్రాంతి ఇచ్చేసి ఉంటే, దావీదు కాలంలో మళ్లీ "నేడు" అని ఎందుకన్నట్టు? ప్రశ్న దేవుని విశ్రాంతిలో ప్రవేశించడం గురించి, వారంలో ఏ రోజన్నది కాదు. దినం గురించి వాదించాలనుకుంటే వేరే వచనాలు తెరవాలి.

అపోహ: బైబిలు యాప్‌లో స్ట్రాంగ్స్ నంబరు (మూలభాషలోని ఒక్కో మాటకు ఇచ్చిన సంఖ్య) నొక్కితే అర్థం వచ్చేస్తుంది.

వాస్తవం: అనాపౌసిస్ నంబరు 372. దాన్ని వాడేది ఈ మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూడటానికి. కింద ఇచ్చిన నాలుగైదు అర్థాలనూ ఒకే వచనంలో గుమ్మరించడానికి కాదు. నామవాచకం కొత్త నిబంధనలో వచ్చేది 5 సార్లే. కాగితం మీద రాసుకుని పక్క వచనాలతో సహా చదివితే గంట కూడా పట్టదు.

అపోహ: ఈ విశ్రాంతి దేవుడొక్కడే ఇస్తాడు, మనుషులకు అందులో పాత్ర లేదు.

వాస్తవం: ఇదే క్రియను పౌలు మనుషులకూ వాడాడు. 1 కొరింథీ 16:18లో స్తెఫను, ఫొర్మూనాతు, అకాయికు వచ్చి తన ఆత్మకు "సుఖము" కలిగించారంటాడు. ఫిలేమోను 7లో పరిశుద్ధుల హృదయాలు ఫిలేమోను వల్ల "విశ్రాంతి పొందిన" సంగతి మెచ్చుకుంటాడు. 12వ వచనానికి వచ్చేసరికి ఫిలేమోను దాసుడైన ఒనేసిము తన "ప్రాణము వంటివాడు" అంటాడు. గ్రీకులో అక్కడున్నదీ, 7లో "హృదయములు" అన్నదీ ఒకే మాట. చివరికి 20లో "నా హృదయమునకు విశ్రాంతి కలుగజేయుము" అని అడుగుతాడు. ఊళ్లో విశ్వాసులందరికీ ఇచ్చిన విశ్రాంతిని ఇప్పుడు తనకూ ఇమ్మంటున్నాడు. ఆ "తన హృదయం" ఎవరో 12లోనే చెప్పేశాడు. ఇంట్లోంచి వెళ్లిపోయిన దాసుణ్ని సహోదరుడిగా చేర్చుకోవడమే ఫిలేమోను ఆయనకు ఇవ్వవలసిన విశ్రాంతి.