సేనాపతి బాధ్యత: లోక్రి నుంచి మొదలైన చిక్కు

కింది సైనికులు చేసిన అత్యాచారాలకు పైనున్న సేనాపతిని శిక్షించవచ్చా? 2018 జూన్‌లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అప్పీల్లో కాంగో నేత జాన్ పియర్ బెంబాను నిర్దోషిగా వదిలేసింది. దూరాన ఉన్న సేనాపతి ఇబ్బందులను కింది కోర్టు సరిగా లెక్కలోకి తీసుకోలేదంది. వాదన మళ్లీ రేగింది. ఇదే వాదన క్రీ.పూ. 204లో రోమ్ సెనేట్‌లోనూ జరిగింది.

అప్పటికి కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో రోమ్ యుద్ధం సాగుతోంది. 205లో దక్షిణ ఇటలీలోని లోక్రిని పట్టుకున్న రోమన్ సేనాపతి స్కిపియో, తన కింది అధికారి ప్లెమినియస్‌కు కాపలా దళాన్ని అప్పగించి సిసిలీ వెళ్లాడు. ఆ దళం ఆడవాళ్లనూ పిల్లలనూ చెరిచింది, పెర్సెఫొనీ దేవత గుడి ఖజానా ఊడ్చేసింది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. ఓ ఇంట్లో వెండి గిన్నె ఎత్తుకొచ్చిన సైనికుణ్ని ఇద్దరు ట్రిబ్యూన్‌లు (రోమన్ సైనికాధికారులు) అడ్డుకున్నారు. ప్లెమినియస్ వాళ్లను బట్టలూడదీయించి కొట్టించాడు. వాళ్ల మనుషులు తిరగబడి అతని ముక్కూ చెవులూ కోశారు. స్కిపియో వచ్చి విచారించి, ట్రిబ్యూన్‌లకు సంకెళ్లు వేయమని, ప్లెమినియస్‌కు మళ్లీ ఊరు అప్పగించి వెళ్లాడు. అధికారి మీద చేయి చేసుకున్నదెవరన్నదే తేలింది, ఊరి గోడు తేలలేదు.

రోమన్ క్రమశిక్షణ అలాంటిదే. శిబిరంలో దొంగతనం, కాపలాలో నిద్ర, అబద్ధపు సాక్ష్యం: గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాసిన ప్రకారం వీటికి దుడ్డుకర్రలతో చావగొట్టేవారు. ఆ జాబితాలో ఊరి ఆడవాళ్ల మాట లేదు. సైనికులను అదుపు చేయడం చేతకాకనా? కాదు. 209లో స్పెయిన్‌లోని కార్తహేనాలో ఇదే స్కిపియో సంకేతం ఇచ్చాకే నరకడం ఆగింది, దోపిడీ మొదలైంది. దోపిడీకి సగానికి మించి సైనికులను పంపకపోవడం రోమన్ల పద్ధతి.

పదిమంది లోక్రి దూతలు మాసిన బట్టలతో సెనేట్ ముందుకొచ్చారు. ప్రేటర్ (రోమ్‌లో ఉన్నతాధికారి) పొంపోనియస్ బృందం వెళ్లి సైన్యాన్ని ఊరి బయటికి పంపింది. ఎవరి సామాను వాళ్లు గుర్తుపట్టి తీసుకోవచ్చంది, బానిసలుగా పట్టుకున్న స్వతంత్రులను వెంటనే వదలమంది. గుడి సొమ్ము రెట్టింపుగా తిరిగి ఇవ్వాలని సెనేట్ నిర్ణయించింది. చెరిచినదానికి లెక్క కట్టినట్టు రోమన్ చరిత్రకారుడు లివీ రాయలేదు.

స్కిపియో మీద ఫిర్యాదు చేస్తారా అంటే, ఆయన శత్రువు కాకుండా మిత్రుడిగా ఉంటే చాలన్నారు లోక్రివాసులు. (పక్కనే సైన్యం ఉంటే ఇంకేమంటారు!) బృందం సిసిలీలోని సిరక్యూజ్‌కు వెళ్లి ఆయన సేనల కవాతు చూసి ముచ్చటపడి, ఆఫ్రికాలోని కార్తేజ్ మీదికి సాగమంది. ఒక కథనం ప్రకారం ప్లెమినియస్ తీర్పు రాకముందే జైల్లో చనిపోయాడు.