రూకీ క్వార్టర్‌బ్యాక్‌కి చేతి బలం తెచ్చిపెట్టేది గడువే

ఏటా ఏప్రిల్‌లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను రౌండ్ల వారీగా ఎంచుకునే కార్యక్రమం) దగ్గరపడేసరికి అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల్లో ఒక పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. కాలేజీ నుంచి వస్తున్న ఫలానా క్వార్టర్‌బ్యాక్ (టీమ్ తరఫున పాస్‌లు విసిరే ఆటగాడు) బంతిని ఎంత దూరం, ఎంత వేగంగా విసరగలడు? చెయ్యి అంతంత మాత్రమే అని తేలితే కుర్రాడు రెండో రౌండ్‌కో మూడో రౌండ్‌కో జారిపోతాడు. చెయ్యి గట్టిదైతే మాత్రం మిగతా లోపాలు కోచ్‌లు సరిదిద్దుకుంటారులే అంటారు. అయితే 1970 నుంచి ఇప్పటిదాకా వచ్చిన రూకీలను, అంటే మొదటి ఏడాది ఆటగాళ్లను, వరసగా చూస్తే, బలమైన చెయ్యి మొదటి సీజన్‌ను గట్టెక్కించిన సందర్భాలు తక్కువే. అది చేసే మేలు వేరు. మొదటి ఏడాది ఎంత ఘోరంగా ఆడినా టీమ్ ఇంకో రెండు మూడేళ్లు ఓపిక పట్టేలా చేస్తుంది.

1970 డ్రాఫ్ట్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మొట్టమొదటి పిక్‌గా (ఎంపికగా) తీసుకున్న టెర్రీ బ్రాడ్‌షా హైస్కూల్లో జావెలిన్‌ను దాదాపు 245 అడుగులు విసిరి జాతీయ రికార్డు కొట్టినవాడు. ఆ చెయ్యి గురించి ఎవరికీ అనుమానం లేదు. రూకీగా 218 పాస్‌లు విసిరితే 83 మాత్రమే తనవాళ్లకు అందాయి. 6 టచ్‌డౌన్లు (గోల్ గీత దాటి పాయింట్లు తెచ్చిన పాస్‌లు), 24 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పట్టేసుకున్న పాస్‌లు). ఈ రోజుల్లో ఇలాంటి అంకెలు వస్తే సోషల్ మీడియా ఆ కుర్రాడిని బతకనివ్వదు. 1974 సీజన్ మొదట్లో అతన్ని బెంచి మీద కూర్చోబెట్టారు కూడా. అదే సీజన్ చివర్లో స్టీలర్స్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. అతనితోనే ఇంకో మూడు గెలిచింది.

అసలు చేతి బలం మైదానంలో ఎక్కడ పనికొస్తుందో ఒక లెక్క వేసుకుంటే తెలుస్తుంది. మైదానం వెడల్పు 160 అడుగులు. బంతి ఎడమ వైపు హ్యాష్ మార్కు (ఆట మొదలయ్యే చోటును చూపే చిన్న గీత) మీద ఉంది, పాస్ పట్టుకునే రిసీవర్ 15 గజాలు ముందుకు పరిగెత్తి కుడి గీత వైపు తిరిగాడనుకుందాం. క్వార్టర్‌బ్యాక్ ఏడు గజాలు వెనక్కి వచ్చి విసురుతాడు. పేరుకు 15 గజాల పాసే, కానీ ఐమూలగా బంతి 36 గజాలు ప్రయాణించాలి. గంటకు 60 మైళ్ల వేగంతో విసిరితే సుమారు 1.2 సెకన్లు, 50 మైళ్లయితే సుమారు 1.5 సెకన్లు పడుతుంది. గాలి నిరోధం, బంతి వంపు ఇందులో కలపలేదు. తేడా పావు సెకను. ఆ పావు సెకనులో డిఫెండర్ రెండు గజాలు దూసుకొస్తాడు. పాస్ రిసీవర్‌కు అందడానికీ, ప్రత్యర్థి చేతిలో పడి అటు టచ్‌డౌన్ అవడానికీ ఆ రెండు గజాలు చాలు.

ఇందులో కిటుకు ఏమిటంటే, రిసీవర్ తిరగకముందే, పావు సెకను ముందుగా బంతి వదిలినవాడికి కూడా సరిగ్గా ఆ రెండు గజాలే మిగులుతాయి. అలా వదలాలంటే ఎదుటి డిఫెన్స్ ఏం చేయబోతోందో ముందే పసిగట్టాలి. రూకీకి లేనిదే అది. కాలేజీలో రిసీవర్ ఖాళీగా కనిపించాక విసిరినా సరిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కనిపించేసరికే ఆలస్యం అయిపోతుంది. కొత్తవాడు నిర్ణయంలో పోగొట్టుకున్న సమయాన్ని చేతి బలం కొంతవరకు వెనక్కి రాబడుతుంది, పూర్తిగా రాబట్టలేదు. ఎందుకంటే రూకీ పావు సెకనుతో ఆగడు, ఒక్కోసారి సెకను ఆలస్యం చేస్తాడు.

ఇది ముందుగా గ్రహించినవాడు కోచ్ బిల్ వాల్ష్. గ్రహించాడనేకంటే గ్రహించక తప్పలేదు అనాలి. 1969లో సిన్సినాటి బెంగాల్స్‌లో గ్రెగ్ కుక్ అనే రూకీ ఉండేవాడు. పొడవాటి పాస్‌లు అలవోకగా విసిరేవాడు. మొదటి ఏడాదే ఒక్కో ప్రయత్నానికి సగటున 9.4 గజాలు సాధించి అప్పటి పోటీ లీగ్ ఏఎఫ్‌ఎల్‌లో అందరికంటే ముందు నిలిచాడు. నేను పైన చెప్పినదానికి అతను గట్టి మినహాయింపే. కానీ మూడో మ్యాచ్‌లోనే భుజం దెబ్బతింది, ఆ భుజంతోనే సీజన్ లాగించాడు, కెరీర్ దాదాపు అక్కడితో ముగిసింది. అతని స్థానంలో వచ్చిన వర్జిల్ కార్టర్‌కి దూరం విసిరే చెయ్యి లేదు. బెంగాల్స్‌లో అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న వాల్ష్ చిన్న చిన్న పాస్‌లను, ముందే నిర్ణయించిన అడుగులను, కచ్చితమైన టైమింగ్‌ను పేర్చి అతనికి సరిపడే ఆట తయారుచేశాడు. 1970లో బెంగాల్స్ తన డివిజన్‌లో (లీగ్‌లోని ఒక గ్రూప్‌లో) మొదటి స్థానం గెలిచింది. 1971లో కార్టర్ 62.2 శాతం పాస్‌లు పూర్తి చేసి లీగ్ మొత్తానికీ ముందు నిలిచాడు. ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో జో మోంటానాతో అదే పద్ధతి మూడు సూపర్ బౌల్స్ తెచ్చింది, వాల్ష్ రిటైరయ్యాక ఇంకొకటి వచ్చింది. 1979 డ్రాఫ్ట్‌లో మోంటానాను తీసుకుంది మూడో రౌండ్‌లో, 82వ పిక్‌గా.

1978లో రూల్స్ కూడా ఈ దారికి వచ్చాయి. ఐదు గజాలు దాటాక రిసీవర్‌ను డిఫెండర్ తోయకూడదన్నారు. క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసేవాళ్లు చేతులు చాచి అడ్డుకోవచ్చన్నారు.

చేతి బలం మీద మోజు మాత్రం తగ్గలేదు. 1983 డ్రాఫ్ట్ దానికి పెద్ద పరీక్ష. మొదటి పిక్ జాన్ ఎల్వే. అతను విసిరిన బంతి పట్టుకున్నవాళ్ల ఛాతీ మీద బంతి మొన తగిలి శిలువ ఆకారంలో కమిలిపోయేదట. దానికి ‘ఎల్వే క్రాస్’ అని పేరు పెట్టుకున్నారు. డెన్వర్ తరఫున మొదటి మ్యాచ్‌లో 8 పాస్‌లు విసిరితే ఒక్కటి అందింది, వచ్చింది 14 గజాలు. ఆ సీజన్‌లోనే ఒకసారి టెన్షన్‌లో, బంతి అందించే సెంటర్ వెనక నిలబడాల్సినవాడు పక్కనున్న గార్డ్ వెనక నిలబడ్డాడు! ఏడాది మొత్తానికి 7 టచ్‌డౌన్లు, 14 ఇంటర్‌సెప్షన్లు. అదే డ్రాఫ్ట్‌లో 27వ పిక్ దాకా ఎవరూ ముట్టుకోని డాన్ మరీనో రూకీగా 20 టచ్‌డౌన్లు విసిరి, 6 ఇంటర్‌సెప్షన్లే ఇచ్చాడు. మరీనో చెయ్యి ఏమీ బలహీనం కాదు. అయితే అతని గొప్పతనం బంతిని చేతిలోంచి వదిలే వేగంలో ఉంది. పైగా అతను చేరింది అంతకుముందు సీజన్‌లో సూపర్ బౌల్ ఆడిన మయామీ టీమ్‌లో. ఎల్వేకి డెన్వర్ ఓపిక పట్టింది, 1990ల చివర్లో రెండు సూపర్ బౌల్స్ దక్కాయి.

ఓపిక పట్టినంత మాత్రాన అందరూ ఎల్వేలు అయిపోరు. 1998లో పేటన్ మానింగ్ కంటే ర్యాన్ లీఫ్ చెయ్యే గట్టిదని వాదించినవాళ్లు చాలామంది. లీఫ్ తన మూడో మ్యాచ్‌లో 15 పాస్‌లకు ఒక్కటి పూర్తి చేసి 4 గజాలు సంపాదించాడు. ఇక 2007లో ఓక్లాండ్ రైడర్స్ మొదటి పిక్‌గా తెచ్చుకున్న జమార్కస్ రస్సెల్ మోకాళ్ల మీద కూర్చుని కూడా 60 గజాలు విసరగలడన్న పేరు తెచ్చుకున్నాడు. పొడవాటి పాస్ అంటే ప్రాణం పెట్టే ఓనర్ అల్ డేవిస్ 3 కోట్ల డాలర్లకు పైగా గ్యారంటీ ఇచ్చాడు. రస్సెల్ 25 మ్యాచ్‌లు మొదలుపెట్టి (అంటే ఆరంభం నుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా దిగి) 7 గెలిచాడు, 2010లో సాగనంపారు.

డ్రాఫ్ట్ ముందు జరిగే కంబైన్ అనే పరీక్షల్లో బంతి వేగాన్ని ఇప్పుడు రాడార్ గన్‌తో కొలుస్తారు. మన క్రికెట్‌లో బౌలర్ స్పీడ్ చూసి వికెట్లు లెక్కగట్టినట్టే ఉంటుంది ఈ వ్యవహారం. 2014లో 60 మైళ్ల వేగం చూపించిన లోగన్ థామస్ క్వార్టర్‌బ్యాక్‌గా కుదురుకోలేక టైట్ ఎండ్‌గా మారి, పాస్‌లు పట్టుకునే పనిలో స్థిరపడ్డాడు. 2017లో 49 మైళ్లే వచ్చిందని డెషాన్ వాట్సన్‌ను తీసిపారేసినవాళ్లు ఉన్నారు. అతను మోకాలు గాయపడేలోపు ఏడు మ్యాచ్‌ల్లో 19 టచ్‌డౌన్లు విసిరాడు. అదే ఏడాది 60 మైళ్ల పాట్రిక్ మహోమ్స్ సీనియర్ ఏలెక్స్ స్మిత్ ఆడుతుంటే బెంచి మీద కూర్చుని ఒక్క మ్యాచ్ మొదలుపెట్టాడు.

కూర్చోబెట్టడం ఇప్పుడు అరుదైపోయింది. దానికి డబ్బే కారణం. 2010 మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 5 కోట్ల డాలర్ల గ్యారంటీ ఇచ్చారు. 2011లో లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందంలో రూకీల జీతాలకు పరిమితి పెట్టాక, మరుసటి మొదటి పిక్ కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు మొత్తం 2.2 కోట్ల డాలర్లే. చవగ్గా దొరికే నాలుగేళ్లలో ఒక ఏడాదిని బెంచి మీద వృథా చేయడం ఏ జనరల్ మేనేజర్‌కీ ఇష్టం ఉండదు. న్యూటన్ మొదటి మ్యాచ్‌లోనే 422 గజాలు విసిరి ఆ తొందరకు ఊతమిచ్చాడు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లు అక్కడి టీమ్ కౌబాయ్స్‌లో ఇంకో రకం చూశారు. 2016లో నాలుగో రౌండ్ రూకీ డాక్ ప్రెస్కాట్ 23 టచ్‌డౌన్లు విసిరి 4 ఇంటర్‌సెప్షన్లే ఇచ్చాడు. ముందు కాపలా కాసే బలమైన లైన్, పక్కన బంతి తీసుకుని పరిగెత్తే ఎజెకీల్ ఎలియట్ ఉంటే రూకీ దూరం విసరాల్సిన అవసరమే తక్కువ.

బఫలోలో జోష్ అలెన్ కథ దీనికి రివర్స్. 2018 కంబైన్‌లో 62 మైళ్లు. రూకీగా పూర్తయిన పాస్‌లు 52.8 శాతం, 10 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు. బఫలో టీమ్ బిల్స్ ఆగింది. 2020కల్లా 69.2 శాతం, 37 టచ్‌డౌన్లు. 2021లో న్యూ ఇంగ్లండ్ ప్యాట్రియట్స్ రూకీ మ్యాక్ జోన్స్ మామూలు చేతితోనే 67.6 శాతం పూర్తి చేశాడు. డిసెంబరులో బఫలోలో ఈదురుగాలి వీస్తున్న రాత్రి ప్యాట్రియట్స్ అతనితో విసిరించింది మూడంటే మూడు పాస్‌లు. అలెన్ 30 విసిరాడు. అయినా పరుగు మీద ఆధారపడి 14–10తో ప్యాట్రియట్స్ గెలిచింది. జనవరిలో అదే బఫలోలో ప్లేఆఫ్ మ్యాచ్. అలెన్ ఐదు టచ్‌డౌన్లు విసిరాడు, బిల్స్ 47–17తో తొక్కేసింది. మూడో ఏడాదికి జోన్స్ బెంచి మీదికి చేరాడు, 2024లో జాక్సన్‌విల్‌కి అమ్మేశారు. రూకీ ఏడాదిలో అలెన్ కంటే ఎంతో బాగా ఆడినా అతనికి దొరికింది ఆ పాటి గడువే.

ఈ రెండు రకాలూ ఒకే టీమ్‌లో ఒకేసారి కనిపించింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. 2021లో మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ధారపోసి 49ఎర్స్ ట్రే లాన్స్‌ను తెచ్చుకుంది. బలమైన చెయ్యి, కాళ్లలో చురుకు, కాలేజీలో ఆడింది మాత్రం కొద్దిగానే. మొదటి ఏడాది ఎక్కువగా బెంచి మీదే ఉంచి, 2022లో టీమ్ అతని చేతికి అప్పగిస్తే రెండో మ్యాచ్‌లోనే చీలమండ విరిగింది. జిమ్మీ గరోపలో వచ్చాడు, డిసెంబరులో అతని పాదం విరిగింది. మిగిలింది ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అందరికంటే ఆఖరున, 262వ పిక్‌గా వచ్చిన బ్రాక్ పర్డీ. చెయ్యి బాగోలేదన్న మాట అతని మీద ముందునుంచీ ఉంది. గడువు ఇచ్చి చూసుకునే తీరిక ఎవరికీ లేదు. మొదలుపెట్టిన ఐదు లీగ్ మ్యాచ్‌లూ గెలిచాడు. జనవరిలో ఫిలడెల్ఫియాలో మోచేతి లిగమెంట్ తెగింది, బ్యాకప్ కూడా తలకు దెబ్బ తగిలి వెళ్లిపోవడంతో, నాలుగైదు గజాలకు మించి విసరలేని చేతితోనే మళ్లీ దిగాల్సి వచ్చింది. 31–7తో ఓడిపోయారు. మార్చిలో ఆపరేషన్. ఆగస్టులో లాన్స్‌ను ఒక్క నాలుగో రౌండ్ పిక్‌కి డాలస్‌కు అమ్మేశారు. పర్డీ ఆ సీజన్‌లో 4,280 గజాలు విసిరి సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు.