ఆడవాళ్ళ చెవుడు: కోనసీమలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

మా అమలాపురం చుట్టుపక్కల చెవి పరీక్షకి ఆడవాళ్ళు ఒంటరిగా రావడం తక్కువ. భర్తో, అత్తగారో, కూతురో వెంట వస్తారు, ముందు వాళ్ళే మాట్లాడతారు. "చెవుడు కాదండీ, పరధ్యానం" అంటారు. తీరా బయటి శబ్దం రాని పరీక్ష గదిలో (బూత్‌లో) కూర్చోబెట్టి చూస్తే, మామూలుగా మాట్లాడితే వినపడని స్థాయిలో ఉంటుంది. పరధ్యానం, పొగరు, బాలింతగాలి, వయసు... ఇలా ఏదో ఒక పేరు పెట్టి ఏళ్ళు గడిపేస్తారు. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా నేను తరచూ వినేవి ఇవీ.

"బాలింతప్పుడు చలిగాలి తగిలింది, అందుకే చెవుడు"

చెవుల్లో దూది పెట్టలేదని, తలకి గుడ్డ కట్టలేదని పుట్టింటివాళ్ళ మీద నింద పడుతుంది. గాలికి చెవుడు రాదు. కాన్పులయ్యే వయసులో నేను ముందు అనుమానించేది ఓటోస్క్లిరోసిస్ అనే చెవి ఎముక జబ్బుని. కర్ణభేరి వెనక స్టేపిస్ అని మన ఒంట్లోకెల్లా చిన్న ఎముక ఉంటుంది, సుమారు 3 మిల్లీమీటర్లు. దాని చుట్టూ కొత్త ఎముక పెరిగి బిగుసుకుపోతే శబ్దం లోపలికి సరిగ్గా చేరదు. ఇది మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు. 20 నుంచి 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది, కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచి కూతురికి వస్తుంది. కాన్పుల వయసూ అదే కాబట్టి నెపం కాన్పు మీదకి పోతుంది. గర్భంతో ఇది పెరుగుతుందా అన్నదానిపై పరిశోధనలు ఒక మాట మీద లేవు. కాన్పు తర్వాతే తేడా తెలిసిందని చెప్పేవాళ్ళు మాత్రం ఉన్నారు.

దీని లక్షణాలు విచిత్రం. పెళ్ళిపందిట్లో, మిల్లు పక్కన మాటలు బాగా అందుతాయి, నిశ్శబ్దంగా ఉన్న వంటింట్లో అందవు. గోలలో ఎదుటివాళ్ళు గొంతు పెంచుతారు, ఆ గోల మాత్రం ఈమెకి అంతగా తెలియదు మరి. "బయట వినపడి నేను పిలిస్తే వినపడదా?" అని అత్తగారికి కోపం. పైగా తన గొంతు తనకి పెద్దగా వినపడి, మెల్లగా మాట్లాడుతుంది. ఎంత నెమ్మదైన కోడలో అని మెచ్చుకుంటారు కూడా! టార్చి వేసి చూస్తే కర్ణభేరి చాలామందిలో మామూలుగానే ఉంటుంది, అందుకని ప్యూర్‌టోన్ ఆడియోమెట్రీ (ఏ శబ్దం ఎంత వినపడుతుందో చూసే పరీక్ష), టింపనోమెట్రీ (కర్ణభేరి కదలిక చూసే పరీక్ష) చేయాలి. బిగిసిన స్టేపిస్ దగ్గర చిన్న పిస్టన్ అమర్చే స్టేపిడోటమీ ఆపరేషన్ ఉంది, వద్దనుకుంటే వినికిడి మిషను బాగా పనిచేస్తుంది.

"కాన్పయి నెల తీరాక చూపిద్దాం లెండి"

గర్భంతో ఉన్నప్పుడు చెవి మూసుకుపోయినట్టు ఉండటం మామూలే, ఎక్కువమందికి కాన్పుతో తగ్గుతుంది. నాడితో పాటు చెవిలో హోరు వినిపిస్తుంటే రక్తహీనత కూడా చూడాలి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తం తక్కువ. కానీ ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో మూడు రోజుల్లోనో, వినికిడి కోల్పోతే ఆగకూడదు. గర్భిణైనా, పురిట్లో ఉన్నా అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. స్టెరాయిడ్ వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు, రెండు వారాలు దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది.

"వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు వేస్తే సరి"

వేయొద్దు. మన డెల్టా తేమకి చెవిలో ఫంగస్ ఇట్టే పడుతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికే పోతుంది. పసిపిల్లకి స్నానం చేయించి చెవిలో నూనె పోసే మంత్రసానికి కూడా ఇదే చెప్పండి. పిన్నీసుతో గులిమి తీసుకోవడం సంగతి వేరే చెప్పాలా?

"మా వంశంలో ఎవరికీ చెవుడు లేదు, పిల్లకెలా వస్తుంది?"

మేనరికం ఇళ్ళలో ఇదే ప్రశ్న. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యువులో ఒక్కో లోపం దాగి ఉన్నా ఇద్దరికీ బాగానే వినపడుతుంది. ప్రతి కాన్పులోనూ బిడ్డకి నాలుగింట ఒక వంతు ప్రమాదం. దగ్గరి చుట్టాలైతే ఆ లోపాలు కలిసే అవకాశం ఎక్కువ. పుట్టిన నెలలోపు ఓఏఈ పరీక్ష (లోపలి చెవి స్పందన చూసేది), మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషను జరగాలి. "ఆడపిల్ల, మిషను పెడితే పెళ్ళవదు" అని దాచితే మాటలు నేర్చే కాలం పోతుంది. పెళ్ళి మాట తర్వాత, ముందు "అమ్మా" అనాలిగా!

"ఫ్యాక్టరీ చెవుడు మగవాళ్ళకే"

రైస్ మిల్లుల్లో, కొబ్బరిపీచు యూనిట్లలో పనిచేసే ఆడవాళ్ళు ఎంతమందో చూడండి. రోజుకి 8 గంటలు 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో ఉంటే లోపలి చెవి కణాలు చచ్చిపోతాయి, తిరిగి పుట్టవు. ఇయర్‌ప్లగ్ ఖరీదైన వస్తువేం కాదు, యజమాని ఇవ్వాలి.

"ముట్లుడిగాక, వయసు మీద పడ్డాక మామూలేగా"

ముట్లుడిగాక తగ్గే ఈస్ట్రోజన్ హార్మోనుకి చెవిలో పాత్ర ఉంది గానీ వినికిడి కోసమని హార్మోను మాత్రలు వాడొద్దు. వయసుతో ముందు పోయేది సన్నని శబ్దాలు: స, ష, త, ఫ లాంటివి. అందుకే మామ్మ "వినపడుతోందే, అర్థం కావట్లేదు" అంటుంది. అరిస్తే లాభం లేదు, ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పాలి. ఊళ్ళోకి వచ్చి అమ్మే మిషన్లు చాలావరకు అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచేస్తాయి. పరీక్ష చేయించి, ఏ శబ్దం ఎంత తగ్గిందో దానికి తగ్గట్టు ప్రోగ్రాం చేయించుకోవాలి. సరిగ్గా అమర్చిన మిషనుతో చెవుడు పెరగదు. అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట రోజూ కొద్దిసేపు ఇంట్లోనే పెట్టుకోమనండి. మన చెమటకి మిషన్లు త్వరగా పాడవుతాయి: రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి, రంగు మారగానే జెల్ మార్చండి.